హైస్కూలు గంట 9కా, 9:30కా? మన పిల్లల నిద్ర లెక్క

2024 జులైలో తెలంగాణ విద్యాశాఖ హైస్కూళ్ల వేళల్ని అరగంట ముందుకు జరిపింది. అప్పటిదాకా ఉదయం 9:30కి మొదలై సాయంత్రం 4:45కి వదిలే బడి, 9కి మొదలై 4:15కి వదిలేలా మారింది. జంట నగరాల్లో మాత్రం ముందు నుంచీ ఉన్న 8:45నే ఉంచారు. అరగంటే కదా, పైగా సాయంత్రం తొందరగా ఇంటికొస్తారు, మంచిదేగా అనుకుని చాలామంది తల్లిదండ్రులు ఆ సంగతి అక్కడితో వదిలేశారు.

ఆ అరగంట ఏ వయసు పిల్లల దగ్గర నుంచి తీసుకున్నారో చూడాలి. ఆరేడేళ్ల పిల్లలు రాత్రి తొమ్మిదికే పడిపోయి, తెల్లారేసరికి వాళ్లే లేచి మనల్ని లేపుతారు. హైస్కూలు పిల్లల సంగతి వేరు. పదకొండు పన్నెండేళ్లు దాటి యవ్వనం మొదలయ్యేసరికి ఒంట్లో నిద్ర గడియారం ఆలస్యంగా నడుస్తుంది. చీకటి పడ్డాక మెదడులో ఊరే మెలటోనిన్ అనే హార్మోన్ ఈ వయసులో చిన్నప్పటికన్నా ఆలస్యంగా మొదలవుతుంది, పొద్దున కూడా ఆలస్యంగానే తగ్గుతుంది. రోజంతా మెలకువగా ఉన్నకొద్దీ పేరుకునే నిద్రమత్తు కూడా వీళ్లలో నెమ్మదిగా పేరుకుంటుంది. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీలో మేరీ కార్స్‌కాడన్ దశాబ్దాల తరబడి ఈ వయసు పిల్లల నిద్రను కొలిచి చూపించిన విషయమిది. పదింటికి పడుకోమంటే పదకొండు దాకా మంచం మీద దొర్లే పిల్లాడు ప్రతిసారీ వేషాలు వేస్తున్నాడని అనుకోనక్కర్లేదు.

13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. మన ఇళ్లలో తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలు ఎంతసేపు పడుకుంటున్నారో ఎవరికి వారు వేళ్ల మీద లెక్కేసుకోవచ్చు. ఎనిమిది వచ్చే ఇళ్లు ఎక్కువ ఉండవు.

అమెరికా వాదన మనకు ఎంతవరకు పనికొస్తుంది?

బడి ఆలస్యంగా మొదలవ్వాలన్న ఉద్యమం ప్రధానంగా అమెరికాది. అక్కడ చాలా హైస్కూళ్లు ఉదయం ఏడున్నరకే మొదలయ్యేవి. మిన్నెసోటా రాష్ట్రంలోని ఎడైనా అనే ఊళ్లో 1996లోనే బడిని 7:20 నుంచి 8:30కి మార్చారు. 2014లో పిల్లల డాక్టర్ల సంఘం, అంటే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, మిడిల్ స్కూళ్లూ హైస్కూళ్లూ 8:30కి ముందు మొదలవ్వకూడదని గట్టిగా చెప్పింది. కాలిఫోర్నియా 2019లో దీన్ని చట్టం చేసి 2022 జులై నుంచి అమల్లో పెట్టింది. అక్కడ హైస్కూలు 8:30 కన్నా ముందు మొదలవ్వకూడదు. మారుమూల గ్రామీణ బడులకు మినహాయింపు ఇచ్చారు. ఫ్లోరిడా 2023లో ఇలాంటి చట్టమే తెచ్చి, అది అమల్లోకి రాకముందే 2025లో వెనక్కి తగ్గింది. బస్సులు చాలవు, ఖర్చు ఎక్కువ అని జిల్లాల వాళ్లు మొత్తుకున్నారు.

లాభం ఉందా అంటే ఉంది. సియాటిల్‌లో 2016లో హైస్కూలు వేళను 7:50 నుంచి 8:45కి మార్చాక, పిల్లల చేతికి వాచీలాంటి పరికరం కట్టి నిద్రను కొలిచారు. రోజుకు 34 నిమిషాల నిద్ర పెరిగింది. ఆలస్యంగా లేవొచ్చు కాబట్టి ఇంకా ఆలస్యంగా పడుకుంటారన్న పెద్దల అనుమానం నిజం కాలేదు. సింగపూర్‌లో ఒక ఆడపిల్లల హైస్కూలు 2016లో బడిని 45 నిమిషాలు వెనక్కి జరిపింది. మొదటి నెలలో పిల్లలు మంచం మీద గడిపే సమయం 20 నిమిషాలకు పైగా పెరిగింది. తొమ్మిది నెలల తర్వాత కొలిస్తే పెరిగిన నిద్ర 10 నిమిషాలే. సింగపూర్ అంటే ట్యూషన్లు, ర్యాంకులు, పోటీ. మన పరిస్థితికి సియాటిల్ కన్నా అదే దగ్గర. కాబట్టి గంట మారిస్తే మేలు జరుగుతుంది, కానీ రాత్రి మారకపోతే ఆ మేలు కరిగిపోతుంది.

ఇక్కడో అనుమానం రావాలి. కాలిఫోర్నియా చట్టం అడిగేది 8:30. మన జిల్లాల్లో సర్కారు హైస్కూలు 9కి మొదలవుతోంది. అంటే మనం వాళ్లకన్నా అరగంట మెరుగ్గానే ఉన్నాం కదా, ఇక బాధేంటి?

బాధ ఏంటంటే, మన దగ్గర పిల్లల రోజు బడి గంటతో మొదలవ్వదు. పదో తరగతి అయితే చాలాచోట్ల బడికి ముందు ఒక గంట స్పెషల్ క్లాసు. ప్రైవేటు బడి అయితే వ్యాన్. రెసిడెన్షియల్ అయితే తెల్లవారుజామున ఐదు, ఐదున్నరకే లేపి కూర్చోబెట్టే స్టడీ అవర్. ఉత్తర్వుల్లో రాసిన 9 గంటలు వేరు, పిల్లాడు కళ్లు తెరవాల్సిన వేళ వేరు. వాదించాల్సింది రెండోదాని గురించి.

హైదరాబాద్‌లో ప్రైవేటు బడికి వెళ్లే ఒక అబ్బాయిని ఊహించుకోండి. బడి 8:30కి. అతనిది వ్యాన్ రూట్లో మొదటి ఇల్లు, కాబట్టి 7:10కి గేటు దగ్గర నిలబడాలి. 6:15కి లేవకపోతే కుదరదు. సాయంత్రం ఇంటికి 4:45కి. అస్ర్ చదివి, ఏదో తిని, 5:30కి ట్యూషన్. మగ్రిబ్ అక్కడే. 8కి ఇల్లు. హోంవర్క్, ఇషా, భోజనం అయ్యేసరికి 10:30. కాసేపు ఫోన్. 11:30కి పడుకుంటే 6:15 దాకా ఆరుముప్పావు గంటలు. ఇందులో ఫజర్ ఇంకా కలపలేదు.

ఫజర్‌తో కలిపి చూస్తే

మన ఇళ్లలో నిద్ర గురించి మాట్లాడాలంటే ఫజర్ దగ్గరే మొదలుపెట్టాలి. బయటి నిపుణుల లెక్కల్లో ఇది ఉండదు. అందుకే ఆ లెక్కలు మనకు అచ్చంగా సరిపోవు.

హైదరాబాద్‌లో జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో ఫజర్ వక్తు సుమారు 4:20కే మొదలై, సూర్యోదయంతో 5:40కి ముగుస్తుంది. జనవరిలో 5:30 ప్రాంతంలో మొదలై 6:50 దగ్గర ముగుస్తుంది. అంటే నమాజ్ పాబందీ ఉన్న పిల్లలు ఏడాదిలో సగం రోజులు ఐదుకి అటూ ఇటూగా లేవాల్సిందే. ఇషా కూడా జూన్‌లో 8:15 తర్వాతే. జమాత్‌తో చదివి ఇంటికి రావడానికి 9 అవుతుంది. ఎంత క్రమశిక్షణ ఉన్న ఇంట్లోనైనా జూన్, జులైలో రాత్రి 9:30 నుంచి పొద్దున 5 దాకా పడుకుంటే ఏడున్నర గంటలే. అదీ పిల్లాడికి పడుకోగానే నిద్ర పడితే. పైన చెప్పిన మెలటోనిన్ లెక్క ప్రకారం ఆ వయసులో పట్టదు.

మరి దారేంటి? మన పెద్దలకు తెలిసిన దారే ఉంది. ఫజర్ తర్వాత ఇంకో విడత నిద్ర, లేదా మధ్యాహ్నం ఖైలూలా. రియాద్‌లోని కింగ్ సౌద్ యూనివర్సిటీ నిద్ర వైద్య నిపుణుడు అహ్మద్ బహమ్మామ్ ఈ విషయం మీద పనిచేశారు. ఒకే విడతగా పడుకున్నప్పుడూ, ఫజర్‌కి లేచి నమాజ్ చదివి మళ్లీ పడుకున్నప్పుడూ నిద్ర తీరు ఎలా ఉందో పోల్చి 2012లో ప్రచురించారు. మొత్తం నిద్ర సమయం సమానంగా ఉంటే పగటిపూట మత్తులో తేడా కనిపించలేదు. అది కొద్దిమంది ఆరోగ్యవంతులైన మగవాళ్ల మీద జరిగిన చిన్న పరిశోధన. పిల్లల మీద కాదు. అయినా మనకు పనికొచ్చే మాట ఒకటి చెబుతోంది: ఫజర్ నిద్రను పాడుచేయడం లేదు. ఫజర్ తర్వాత మళ్లీ పడుకునే వీలు లేకుండా చేయడం పాడుచేస్తోంది.

ఫజర్ తర్వాత పడుకుంటే రిజ్క్‌లో బర్కత్ పోతుందని ఇంట్లో దాదీమాలు, నానీమాలు కసురుకుంటారు. ఉదయవేళ బర్కత్ గురించి వచ్చిన రివాయత్‌లు వాళ్ల మనసులో ఉంటాయి. ఆ మాటను తేలిగ్గా తీసేయకూడదు. అయితే అది రాత్రి ఇషా కాగానే పడుకునే ఇంటికి సరిపోయే మాట. ఇషా తర్వాత కబుర్లతో కాలక్షేపం చేయడం ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లంకి నచ్చేది కాదన్న హదీసు కూడా అంతే ప్రసిద్ధం. రాత్రి సగం సున్నత్‌ని వదిలేసి, పొద్దున సగాన్ని మాత్రం పిల్లల నెత్తిన పెడితే లెక్క కుదరదు. మసలా సంగతి మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ని అడగండి. నేను చెప్పేది గంటల లెక్క మాత్రమే.

ఆ గంటల లెక్కలోనే 9కి, 9:30కి తేడా తెలుస్తుంది. జనవరిలో జమాత్ 6కి అనుకుందాం. ఇంటికొచ్చేసరికి 6:20. బడి 9:30కి, నడిచి వెళ్లే దూరం, స్పెషల్ క్లాసు లేదు. అప్పుడు 6:30 నుంచి 8 దాకా గంటన్నర నిద్ర దొరుకుతుంది. బడి 9కి అయితే గంట. బడికి ముందు 8కి స్పెషల్ క్లాసు ఉంటే సున్నా. వ్యాన్ పిల్లాడికి ఎప్పుడూ సున్నానే. ఉత్తర్వులో కనిపించే అరగంట ఫజర్ చదివే పిల్లాడి విషయంలో రెండో విడత నిద్రలో మూడో వంతు. ఇక ఆడపిల్లల సంగతి. ఫజర్ తర్వాత వాళ్లను మంచం మీదికి పంపే ఇళ్లు తక్కువ. టిఫిన్ బాక్సులు, తమ్ముడి యూనిఫాం, నీళ్లు పట్టడం. బడి వేళ ఎంత జరిపినా వంటింటి వేళ జరగకపోతే ఆడపిల్లకు ఒరిగేదేం లేదు. ఇది ప్రభుత్వం మార్చేది కాదు, మన ఇంట్లో మారాల్సింది.

గడియారంలో ఇంకో చిక్కుంది. దేశమంతటికీ ఒకటే టైం. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళానికీ ఆదోనికీ సూర్యోదయంలో కాలాన్ని బట్టి ఇరవై ముప్పై నిమిషాల తేడా ఉంటుంది. ఫజర్‌లోనూ అంతే. బడి గంట మాత్రం రెండు చోట్లా ఒకటే. మౌలిక్ జగ్నానీ అనే ఆర్థికవేత్త దేశంలో పొద్దు ఆలస్యంగా గుంకే ప్రాంతాల్లో పిల్లల నిద్ర మీద 2019లో లెక్కలు తీశారు. సూర్యాస్తమయం గంట ఆలస్యమైతే పిల్లల నిద్ర అరగంట తగ్గుతోందని తేల్చారు. బడి వేళ అందరికీ ఒకటే కాబట్టి ఆలస్యంగా పడుకున్నవాళ్లు ఆలస్యంగా లేవలేరు. ఇంట్లో వసతి లేని పేద పిల్లల మీద ఈ భారం ఎక్కువ పడుతోందని కూడా ఆయన చెప్పారు. ఒకే గదిలో టీవీ, వంట, పడక అన్నీ ఉన్న ఇంట్లో పిల్లాడు తొందరగా ఎలా పడుకుంటాడు?

కేరళలో ఏం జరిగింది

మన సముదాయం బడి వేళల గురించి గట్టిగా గొంతెత్తిన సందర్భం ఈమధ్య ఒకటుంది, కేరళలో. 2025లో అక్కడి ప్రభుత్వం హైస్కూలు రోజును అరగంట పెంచింది. ఉదయం 15 నిమిషాలు, సాయంత్రం 15 నిమిషాలు. 10 నుంచి 4 దాకా ఉన్న బడి 9:45 నుంచి 4:15 దాకా అయ్యింది, శుక్రవారం తప్ప. ఏడాదికి 1,100 బోధన గంటలు నిండాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఉలమాల పెద్ద సంస్థ సమస్త దీన్ని వ్యతిరేకించింది. కేరళలో పిల్లలు పొద్దున్నే మదర్సాకు వెళ్లి, అక్కడి నుంచి బడికి వెళ్తారు. తమ మదర్సాల్లో చదివే 12 లక్షల మంది పిల్లల మీద దెబ్బ పడుతుందని సమస్త అంది. మతసంస్థల కోసం బడి వేళలు మార్చలేమని విద్యామంత్రి వి. శివన్‌కుట్టి అన్నారు. చర్చలు జరిగాయి, ప్రభుత్వం తన నిర్ణయం మీదే నిలబడింది. అంతకుముందు ఖాదర్ కమిటీ అయితే బడిని ఏకంగా 8 గంటలకే మొదలుపెట్టమని సిఫారసు చేసింది. దాని ముందు 9:45 ఎంతో నయం.

ఈ వివాదాన్ని టీవీలన్నీ మదర్సాకూ బడికీ మధ్య కుస్తీలా చూపించాయి. సమస్త అడిగింది తప్పని నేను అనను. పిల్లల ఉదయాన్ని బడి ఒక్కటే సొంతం చేసుకోకూడదన్నది న్యాయమైన మాటే. కానీ ఆ పిల్లలకు నిద్ర ఎంత మిగులుతోందన్న ప్రశ్న రెండు వైపుల నుంచీ గట్టిగా వినపడలేదు. పొద్దున ఏడింటికి మదర్సాలో కూర్చునే పద్నాలుగేళ్ల పిల్లాడికీ, ఏడింటికి స్టడీ అవర్లో కూర్చునేవాడికీ ఒంట్లో గడియారం ఒకటే. సముదాయం తరఫున అడిగేటప్పుడు నిద్ర మాట ముందు పెట్టి ఉంటే, పక్క వీధి హిందూ, క్రైస్తవ తల్లిదండ్రులు కూడా మన వెంట నిలబడేవాళ్లేమో. మన తెలుగు రాష్ట్రాల్లో పొద్దుటి మదర్సాలకు అంత పెద్ద వ్యవస్థ లేదు. మక్తబ్ చాలాచోట్ల అస్ర్, మగ్రిబ్ తర్వాతే. కాబట్టి ఇక్కడ ఈ మాట ఎత్తడం ఇంకా తేలిక.

పొరుగున మహారాష్ట్ర మరో తీరు. 2023 చివర్లో గవర్నర్ రమేశ్ బైస్ పిల్లల నిద్ర మాట ఎత్తారు. 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం నాలుగో తరగతి దాకా బడులు 9కి ముందు మొదలవ్వకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే, వయసే తిరగబడింది. సైన్స్ ఆలస్యం కావాలంటున్నది ఎనిమిదో తరగతి, పదో తరగతి వాళ్లకు. ఉపశమనం దొరికింది రెండో తరగతి వాళ్లకు. 2022లో సుప్రీంకోర్టులో జస్టిస్ యు.యు. లలిత్, పిల్లలు ఏడింటికి బడికి వెళ్లగలిగితే జడ్జీలు, లాయర్లు తొమ్మిదింటికి ఎందుకు రాలేరని అడిగితే అందరూ మెచ్చుకున్నారు. పిల్లలు అసలు ఏడింటికి ఎందుకు వెళ్లాలని మాత్రం ఎవరికీ తట్టినట్టు లేదు.

రంజాన్ ఉత్తర్వు సంగతి

తెలంగాణలో ఏటా రంజాన్‌లో ఉర్దూ మీడియం బడులకు వేళలు మారుస్తారు. 2025లో మార్చి 2 నుంచి నెలాఖరు దాకా ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 1:30 వరకు నడిపారు. రోజాతో ఉన్న పిల్లలు ఎండలో, నీరసంలో సాయంత్రం దాకా కూర్చోకూడదన్నది ఉద్దేశం. సముదాయం అడిగి తెచ్చుకున్న సౌకర్యమిది. దాన్ని కాదనడం లేదు. కానీ నిద్ర వైపు నుంచి ఒకసారి చూడండి. మార్చి మొదట్లో తరావీహ్ ముగిసి ఇంటికొచ్చేసరికి 9:30, 10. పడుకునేసరికి 11. సెహ్రీకి 4:30కి లేవాలి. ఫజర్ అయ్యేసరికి 5:45, 6. బడి 8కి అంటే 7:15కి లేవాలి. 11 నుంచి 4:30 దాకా ఐదున్నర, ఆ తర్వాత గంటా పావు. బడి 9కి మొదలై 1:30కి వదిలితే రెండో విడత ఒక గంట పెరుగుతుంది, మధ్యాహ్నం సౌకర్యం కూడా ఎక్కడికీ పోదు. సౌదీలో పనిచేసే మనవాళ్లను అడగండి, అక్కడ రంజాన్‌లో బడి మామూలు కన్నా ఆలస్యంగా మొదలవుతుంది.

ఆ నెల మార్చి 15 నుంచి మిగతా బడులకు కూడా ఒంటిపూట మొదలవుతుంది, 8 నుంచి 12:30 దాకా. అది ఎండల కోసం, దానికి పొద్దున్నే మొదలవ్వడం తప్పదు. కానీ రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ చలికాలంలోకి వెళ్తోంది. జనవరిలో రంజాన్ వచ్చినప్పుడు ఎండ సాకు ఉండదు. అప్పుడు కూడా 8కే ఎందుకన్నది ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న. ఉర్దూ మీడియంలో లేని మన పిల్లలకు, అంటే తెలుగు, ఇంగ్లీషు మీడియంలో చదివే ఎక్కువమందికి, ఈ ఉత్తర్వు ఎలాగూ వర్తించదు. సెహ్రీకి లేచిన పిల్లాడు మామూలు వేళకే బడిలో ఉంటాడు.

మరి సాయంత్రం?

బడి ఆలస్యంగా మొదలవ్వాలంటే వెంటనే వచ్చే అభ్యంతరం సాయంత్రం గురించే. అది గట్టి అభ్యంతరం. పాత పద్ధతిలో 4:45కి బడి వదిలితే, దాని మీద గంట స్పెషల్ క్లాసు వేస్తే 5:45. నవంబరు చివర్లో హైదరాబాద్‌లో సూర్యుడు 5:40కే అస్తమిస్తాడు. ఊరి బయటి హైస్కూలు నుంచి ఆడపిల్ల చీకట్లో రావాలంటే చాలా ఇళ్లలో చదువే ఆపేస్తారు. దీన్ని పాతకాలపు ఆలోచన అని కొట్టిపారేయడానికి లేదు. ఆ దారిలో నడిచేది మన పిల్లే. ఇంకోటి, పొద్దున అబ్బా ఆటో తీసుకుని, అమ్మీ పనికి వెళ్లిపోయే ఇళ్లలో పెద్ద పిల్లే చిన్నవాణ్ణి ప్రైమరీ స్కూల్లో దింపి తను వెళ్తుంది. రెండు బడుల వేళలు వేరైతే ఆ ఇంటికి కష్టమే.

కాబట్టి నా అభిప్రాయం ఇది. హైస్కూలు 9:30కి మొదలవ్వాలి, 4:15కే వదలాలి. రోజు పొడుగు తగ్గాలి. చదువు పోతుందా? లెక్క చూద్దాం. 9:30 నుంచి 4:15 అంటే ఆరుముప్పావు గంటలు. భోజనానికి గంట, విరామాలకు అరగంట తీస్తే ఐదుంపావు. 220 పనిదినాలకు 1,155 గంటలు. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా అడిగేది ఏడాదికి 1,000 గంటలు. కేరళ ప్రభుత్వం పట్టుబట్టిన 1,100 కూడా ఇందులో నిండుతుంది. అయినా మన రెండు రాష్ట్రాల్లో ఆలోచన ఎప్పుడూ పొడిగించే వైపే పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో కొన్ని హైస్కూళ్లలో 5 దాకా నడిపి చూశారు. ఎక్కువసేపు కూర్చోబెడితే ఎక్కువ చదువుతారన్న నమ్మకం మనలో అంత గట్టిది. ఆఖరి పీరియడ్‌లో పదో తరగతి గది తలుపు దగ్గర ఐదు నిమిషాలు నిలబడి చూస్తే ఆ నమ్మకం కొంచెం సడలుతుంది.

చిన్నవాణ్ణి దింపే పెద్దపిల్ల సమస్యకు దీనిలో జవాబు లేదు. ఒకే ఆవరణలో రెండు బడులూ ఉన్నచోట, పెద్దపిల్లలకు ఆ అరగంట లైబ్రరీలోనో, గ్రౌండ్‌లోనో గడిచేలా చూడటం తప్ప నాకైతే వేరే దారి తోచలేదు.

రాత్రుల గురించి ఒక మాట చెప్పక తప్పదు. హైదరాబాద్‌లో మన పెళ్లిళ్లలో పదకొండు దాటితే గానీ దస్తర్‌ఖాన్ వేయరు. షవ్వాల్, జిల్‌హిజ్జ నెలల్లో వారానికి రెండు దావత్‌లు వస్తాయి, పిల్లలందరూ మనతోపాటే. మర్నాడు బడి. జిల్లాల్లో ఇంత లేదు, కర్నూలు, నల్గొండ వైపు పగటిపూట వలీమాలు ఇంకా ఉన్నాయి. మిగతా రోజుల్లో ఫోన్ ఉంది. పిల్లలకు పదింటికి ఫోన్ ఆపమని చెప్పి, మనం పక్క మంచం మీద పన్నెండు దాకా రీల్స్ చూస్తే వాళ్లు వినరు. సింగపూర్‌లో మొదట కనిపించిన మేలు నిలబడనట్టే, 9:30 గంట తెచ్చుకున్నా ఇలాంటి రాత్రుల వల్ల మనకూ పది నిమిషాలే మిగలొచ్చు.

ప్రభుత్వ ఉత్తర్వు వచ్చేదాకా ఆగకుండా అడగదగ్గవి కొన్ని ఉన్నాయి. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం అంటోంది. అందులో మనవాళ్లు కూర్చుంటే, పదో తరగతి స్పెషల్ క్లాసును పొద్దున కాకుండా మధ్యాహ్నం భోజనం తర్వాత ఖాళీ పీరియడ్‌లోకి, లేదా వారానికి మూడు రోజులకు మార్చమని హెడ్మాస్టరుతో మాట్లాడొచ్చు. హాస్టల్‌లో పిల్లల్ని వేసినవాళ్లు, ఫజర్ తర్వాత నేరుగా స్టడీ అవర్ పెడుతున్నారా, లేక గంట పడుకోనిస్తున్నారా అని చేర్పించేటప్పుడే అడగాలి. ఫీజు ఎంత, ర్యాంకులెన్ని అని అడుగుతాం, ఇది మాత్రం అడగం.

ఇక వ్యాన్. రూట్లు జూన్ మొదటి వారంలో తేలుతాయి. పొద్దున అందరికన్నా ముందు ఎక్కే పిల్లనే సాయంత్రం అందరికన్నా ఆఖర్న దింపే రూట్లు చాలా ఉన్నాయి. ఆ పిల్లకు రెండు వైపులా కలిపి గంటన్నర దాకా వ్యాన్‌లోనే పోతుంది. పొద్దున మొదట ఎక్కినవాళ్లను సాయంత్రం మొదట దింపమని, లేదంటే నెలకోసారి రూటు తిప్పమని నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే వినే డ్రైవర్లు ఉన్నారు. దీనికి జీవో అక్కర్లేదు.